గోడవార మంచం

నౌపడ దగ్గర ఉప్పుమళ్ళ పక్కనున్న మా వృద్ధాశ్రమంలో, గోడవార వేసిన తొమ్మిదో మంచం మంచిది కాదంటారు.

దానికి పళ్ళున్నాయట. పడుకున్న మనిషిని వెనకనుంచి తింటుందట. నేను వచ్చాక ఆ మంచం మీద ముగ్గురు పోయారు. ముగ్గురికీ నడుం కింద పుండే. ఆఖరున పోయిన అమ్మడుకైతే ఆ పుండులో పిడికిలి పట్టేదని పగటి ఆయాలు గుసగుసలాడుకున్నారు.

నాలుగో మనిషి లక్ష్మణమ్మ. పాతపట్నం నుంచి వచ్చింది. మొన్నటిదాకా నాతో అష్టాచెమ్మా ఆడుతూ, ఓడిపోతే గవ్వలు దాచేసేది. పక్షవాతం వచ్చి మాట పోయింది. ఒళ్ళు తనంతట తాను కదలదు. తీసుకెళ్ళి ఆ మంచం మీదే వేశారు.

ఇకమీదటిది రాత్రి ఆయా తాతమ్మ చెప్పింది. మరిచిపోతానేమోనని భయం... అందుకే రాసుకుంటున్నాను.

లక్ష్మణమ్మ కుడి తుంటి మీద ఎర్రటి మచ్చ కనబడింది. నర్సు అర్చన వేలితో నొక్కి చూసింది. మచ్చ తెల్లబడలేదు.

"పుండు మొదలైంది. తోలు ఇంకా చిట్లలేదు. కుడిపక్కకి మాత్రం తిప్పకు. రెండు గంటలకోసారి — ఒకసారి వెల్లకిలా, ఒకసారి గోడవైపు. చిట్లిందంటే మన చేతుల్లో ఉండదు."

తాతమ్మ తు.చ. తప్పలేదు. పన్నెండింటికి గోడవైపు తిప్పింది. వీపు వెనక ఒక దిండు పెట్టింది. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఇంకొకటి. దుప్పటి ముడతలు సరిచేసి వెళ్ళింది.

రెండింటికి వచ్చి చూస్తే...

లక్ష్మణమ్మ కుడిపక్కకి తిరిగి ఉంది. దిండు నేలమీద ఉంది.

మర్నాడు మేనేజరు జగన్నాధం నవ్వాడట. "ఏటే తాతమ్మా! జీతం అడగని ఆయాని పెట్టీసినావా రేత్రికి?"

ఆ రాత్రీ అంతే. ఆ మర్నాడూ అంతే. తిప్పడం — రెండు గంటల తర్వాత వచ్చి చూస్తే కుడిపక్క. నాలుగోనాటికి తోలు చిట్లింది. ఆరోనాటికి కట్టు తడిసిపోతోంది.

ఏడో రాత్రి తాతమ్మ దీపం ఆర్పేసి, బట్టల బీరువా వెనక నక్కి కూర్చుంది.

ఒంటిగంట దాటింది... చెప్పుల్లేని అడుగులు. తెల్లచీర. తొమ్మిదో మంచం మీదికి వంగింది. ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద — నెమ్మదిగా, అలవాటైన చేతుల్లా...

"ఇటు తిరగవే లక్ష్మణీ... గోడకేసి చూడకే..."

తాతమ్మ బీరువా వెనకే ఉండిపోయింది. ఆ తెల్లచీర దుప్పటి కప్పింది. జుట్టు నిమిరింది. వచ్చిన దారినే వెనక్కి వచ్చి — మూడో మంచం మీద పడుకుంది.

"మూడో మంచమా?" అన్నాను.

తాతమ్మ నా మొహంలోకి చూడలేదు. "అవునమ్మగోరూ."

మూడో మంచం నాది.

నాకేమీ గుర్తులేదు. ఒక్క అడుగూ గుర్తులేదు. కానీ ఆ మాట నాదే. మా విజయనగరం ఇంట్లో, మంచాన పడ్డవాళ్ళని గోడవైపు తిరగనిచ్చేవాళ్ళం కాదు. అటు తిరిగినవాళ్ళు ఇక ఇటు తిరగరని మా అత్తగారి నమ్మకం. అత్తగారిని అలాగే తిప్పాను, ఆయన్నీ అలాగే తిప్పాను.

"నన్ను మంచానికి కట్టెయ్యవే" అన్నాను.

"అంతమాటనకండి."

"పుండు ఇంకా ఎముక దాకా పోలేదని అర్చన చెప్పిందిగా? కట్టెయ్యి."

ఆ రాత్రి పాతచీర పేలికతో నా కాలు మంచం కోడుకి కట్టింది. "వల ముడమ్మగోరూ. మా సముద్రపోళ్ళకి తప్పితే ఎవులికీ విప్పడం రాదు."

"అయితే నేను చేపనన్నమాట."

"ముసిలి సేప" అంది. ఇద్దరం నవ్వాం.

నేను రెప్ప వాల్చలేదు. పన్నెండింటికి గోడవైపు తిప్పింది, చూశాను. రెండింటికి వెల్లకిలా. నాలుగింటికి మళ్ళీ గోడవైపు. లక్ష్మణమ్మ వీపునే చూస్తూ, ఎనిమిదో ఎక్కం చదువుకుంటూ కూర్చున్నాను... ఎక్కడో ఎనిమిదేళ్ళు యాభయ్యారు దగ్గర ఆగిపోయాను.

కళ్ళు తెరిచేసరికి తెల్లారింది. కాలు నొప్పి. పేలిక బిగుసుకుని చర్మం మీద చార పడింది. తాతమ్మ వచ్చి, ముడిని అటూ ఇటూ తిప్పి చూసి, గోళ్ళతో విప్పింది.

"ఏసింది ఏసినట్టే ఉన్నాది. మీరు కదల్లేదమ్మగోరూ..."

అప్పుడు ఇద్దరం అటు చూశాం.

లక్ష్మణమ్మ మా వైపు తిరిగి ఉంది. పుండు మీదే పడుకుని... కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది.