మిల్లు మలుపు దగ్గర ముందు వంతు

మా కొండమీద మిల్లు మలుపంటే పేరున్న చోటే… చెడ్డపేరు. మొక్కజొన్న మిల్లు మూతబడి పదేళ్లు దాటింది. రేకుల గోడ ఒక్కటే మిగిలింది. ఎర్రమట్టి రోడ్డు ఆ గోడని రాసుకుంటూ వంపు తిరిగి వాగులోకి దిగుతుంది. అక్కణ్ణుంచి నాలుగు కిలోమీటర్లు ఒకటే ఎక్కుడు. పాలక్యాన్లు మోసే గాడిదలు కూడా ఆ వంపు దగ్గర ఆగిపోతాయని చెప్తారు. గాడిదలు ఎక్కడైనా ఆగిపోతాయి, అది వేరే సంగతి. మరి మనుషుల మాటేమిటి? తెల్లారకముందే పరుగుకి లేచేవాళ్లు మా చుట్టుపక్కల రెండొందల మందైనా ఉంటారు. ఒక్కడంటే ఒక్కడు అటు పోడు. అందరూ పైరోడ్డే.

అటు పోతే వెనక అడుగులు వినిపిస్తాయట. కుడికాలు మామూలుగా పడుతుంది… ఎడంకాలు మాత్రం టప్ మని నేలకి కొట్టుకుంటుంది.

ఆ అడుగులు ఎవరివో అందరికీ తెలుసు. పేరు మాత్రం ఎవరూ అనరు. పోయినవాళ్ల పేరు చీకట్లో పలకకూడదు, పలికితే పిలిచినట్టేనని మావాళ్ల పట్టింపు. నేను పగటిపూట చెప్తున్నాను కాబట్టి అనేస్తున్నాను. చుమో.

కానీ ఈ కథ చుమోది కాదు, అతని స్నేహితుడు కిప్తరుస్‌ది.

కిప్తరుస్‌కి నలభై ఆరేళ్లు. ఒకప్పుడు దేశం చొక్కా వేసుకుని పరిగెత్తినవాడు. ఇప్పుడు మూడు ఆవులు, రెండెకరాల మొక్కజొన్న, ఒక మోకాలి నొప్పి. అలాంటివాడికి ఆ ఏడు పక్కనున్న పట్నం ఎల్డోరెట్‌లో నలభై అయిదు దాటినవాళ్లకి పన్నెండు కిలోమీటర్ల పందెం పెడుతున్నారని తెలిసింది. గడ్డి మైదానంలో ఆరు చుట్లు. సరిగ్గా పద్ధెనిమిదేళ్ల కిందట తను పరిగెత్తినటువంటిదే! ఆ మాట విన్న రాత్రి అతనికి నిద్రపట్టలేదు. చచ్చేలోగా ఒక్క పందెమైనా నిజాయితీగా పరిగెత్తాలని పట్టుకుంది. ఎందుకలా పట్టుకుందో తర్వాత చెప్తాను.

కుర్రాళ్లతో కలిసి సాధన మొదలుపెట్టాడు. రెండో కొండ దగ్గరే వాళ్ల వీపులు కనపడకుండా పోయేవి. అతను రొప్పుకుంటూ తిరిగొచ్చేసరికి వాళ్లు స్నానాలు కానిచ్చి చాయ్ తాగుతూ, తాతా, నువ్వు ఇవాళ బయల్దేరావా నిన్న బయల్దేరావా అని అడిగేవాళ్లు. పైకి నవ్వేవాడు. లోపల మండిపోయేది.

అందుకని అరగంట ముందు లేచి, ఎవరూ రాని కిందిరోడ్డు పట్టాడు. అలా అరగంట ముందు లేచి ఒంటరిగా ఆ రోడ్డున పోయినవాడు ఇంతకుముందు ఒకడున్నాడు. అది కిప్తరుస్‌కి గుర్తురాకపోలేదు. అయినా పోయాడు.

మొదటిరోజు ఏమీ లేదు. మంచు, కుక్కల అరుపులు, అంతే.

రెండోరోజు మలుపు తిరిగాక… వెనక అడుగులు.

కుడికాలు, ఆ తర్వాత… టప్. కుడికాలు… టప్.

మాలాంటివాళ్లకి మనిషి ముఖం చూడక్కర్లేదు. చీకట్లో ముప్ఫైమంది పోతున్నా ఏ అడుగు ఎవరిదో చెప్తాం. కిప్తరుస్ పదకొండేళ్లు ఆ అడుగుతో కలిసి పరిగెత్తాడు. చిన్నప్పుడు ఎద్దు తొక్కి చుమో ఎడంపాదం వంకరపోయింది. ఆ పాదం నేలకి పడితే అదే చప్పుడు.

అతను వేగం పెంచాడు. అడుగులూ పెంచాయి. తగ్గించాడు, అవీ తగ్గాయి. వెనక్కి మాత్రం చూడలేదు. పరుగులో వెనక్కి చూడకూడదని ఇద్దరికీ నేర్పిన మాస్టారు ఒక్కరే.

అప్పుడు వినిపించింది ఇంకోటి. నాలుకతో కొట్టిన చప్పుడు.

టక్… టక్.

కిప్తరుస్‌కి ఆ చప్పుడూ తెలుసు. ఏ దారిన ఇల్లు చేరాడో అతనికే తెలియదు. పాలు పితకబోతున్న పెళ్లాం అతని ముఖం చూసి ఏమైందని అడిగితే మోకాలని చెప్పాడు.

ఇప్పుడు ఆ పాత సంగతి చెప్పాలి. ఇద్దరు కలిసి పరిగెత్తేటప్పుడు గాలిని ముందున్నవాడు మోస్తాడు. వెనకున్నవాడు వాడి చాటున ఊపిరి దాచుకుంటాడు. అందుకే వంతులు. ముందున్నవాడు అలిసిపోతే సైగ చేస్తాడు, వెనకవాడు ముందుకు రావాలి. చుమో సైగ నాలుకతో టక్ టక్. పద్ధెనిమిదేళ్ల కిందట నైరోబీలో దేశం జట్టుకి మనుషుల్ని ఎంచే పందెంలో ఇద్దరూ అలాగే అనుకుని దిగారు. ఆరు చుట్లు, చెరో చుట్టు ముందుండాలి. మొదటి ఆరుగురికే చొక్కా.

మూడు చుట్లు మాట ప్రకారమే నడిచింది. నాలుగోచుట్టు కిప్తరుస్ వంతు. ఎదురుగాలి. చుమో టక్ టక్ మన్నాడు. కిప్తరుస్ కదల్లేదు. మళ్లీ కొట్టాడు… కదల్లేదు. ఆరోచుట్టూ అంతే. చివరి మలుపులో మాత్రం కిప్తరుస్ చుమో చాటునుంచి బయటికొచ్చి వాణ్ణి దాటేశాడు. ఇతను ఆరోవాడు. వాడు ఏడోవాడు.

పందెం అయ్యాక గడ్డిలో కూలబడ్డ చుమో, వినబడలేదా రా అని మాత్రం అడిగాడు. జనం గోలలో వినబడలేదని కిప్తరుస్ అన్నాడు. చుమో సరేనన్నాడు.  ఆ మర్నాటినుంచి అతనితో పరుగుకి రావడం మానేశాడు. అరగంట ముందే లేచి ఒక్కడూ కిందిరోడ్డున పోయేవాడు. రెండునెలలకి ఆ మిల్లు మలుపు దగ్గరే దీపాల్లేని లారీ ఒకటి కొట్టి చుమో పోయాడు. పెళ్లాం తప్కీగెన్‌కి అప్పుడు ఏడోనెల.

కిప్తరుస్ చొక్కా తొడుక్కుని విదేశం వెళ్లాడు. నలభై మూడోవాడిగా వచ్చాడు. తిరిగొచ్చి ఆ చొక్కా ట్రంకు పెట్టెలో అడుగున పెట్టాడు. మళ్లీ తియ్యలేదు.

ఇదీ సంగతి. అందుకే అడుగులకి అంత భయపడలేదు గానీ, ఆ టక్ టక్‌కి మాత్రం పారిపోయాడు.

మూడోరోజూ వెళ్లాడు. మానేస్తే పందెం పోతుంది. పందెం పోతే వాణ్ణి రెండోసారి మోసం చేసినట్టే అనిపించింది. మలుపు తిరిగాడో లేదో… కుడికాలు, టప్. కుడికాలు, టప్. ఆ వెంటనే నాలుక చప్పుడు. పాత రేకుల గోడకి తగిలి అది ఎటునుంచి వస్తుందో కూడా తెలియడం లేదు.

నాలుగోరోజు పొగమంచు మరీ దట్టంగా ఉంది. నాలుగు గజాల అవతల ఏమీ కనపడటం లేదు. కిప్తరుస్ మలుపు దాకా పరిగెత్తి… ఆగిపోయాడు. ఇక పారిపోయేదేమిటి, అడిగే హక్కున్నవాడే అడుగుతున్నాడు కదా అనుకున్నాడు.

అడుగులు దగ్గరికొచ్చాయి.

టప్…

టప్…

ఆగాయి. రెండు గజాల వెనక ఎవరో ఊపిరి పీల్చుకుంటున్నారు. దెయ్యానికి ఊపిరేమిటన్న ఆలోచన కూడా రాలేదు అతనికి. వెనక్కి తిరక్కుండానే, పలకకూడని పేరు పలికాడు.

"చుమో… వినబడింది రా. ఆరోజు నాకు వినబడింది. నాలుగోచుట్టూ వినబడింది, ఆరోచుట్టూ వినబడింది. వినబడలేదని అబద్ధమాడాను. ఆ చొక్కా నీది. నేను నీతో ఉంటే నువ్వు ఈ రోడ్డున ఒక్కడివీ వచ్చేవాడివే కాదు."

 వెనకనుంచి సన్నటి గొంతు.

"బాబాయ్… నేను."

కిప్తరుస్ తిరిగి చూశాడు. చుమో కూతురు జెరోప్! పదిహేడేళ్లది, తండ్రి ముఖం చూడని పిల్ల. తలకి గుడ్డ చుట్టుకుని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడి ఉంది. కాళ్లకి చుమో పాత బూట్లు. పద్ధెనిమిదేళ్లు గోడకి మేకున వేలాడినవి. వేళ్ల దగ్గర గుడ్డపీలికలు కుక్కి తొడుక్కుంది. ఎడంబూటు అడుగు సగం ఊడి వేలాడుతోంది. చుమో ఆ వంకరపాదంతో అరగదీసిన అడుగు. అదే నేలకి కొట్టుకుని టప్ మంటోంది.

పరుగు అనే మాట ఎత్తితేనే తప్కీగెన్ ఇంట్లో పొయ్యి వెలగదు. మొగుణ్ణి పరుగే మింగిందని ఆవిడ నమ్మకం. అందుకని పిల్ల తల్లి లేవకముందు దొంగతనంగా వచ్చి పోతోంది. ఒంటరిగా భయమేసి ఇతని వెనకే కాస్త దూరంలో పరిగెత్తుతోంది. ఇదంతా నేలచూపులు చూస్తూ చెప్పింది. చెప్పి ఒక్కటే అడిగింది.

"నాన్న ఓడిపోలేదన్నమాట."

"లేదమ్మా. నేనే ఓడించాను."

పిల్ల ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. అది రెండూ చెయ్యలేదు.  అది తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడట.

"మీ అమ్మకి నేనే చెప్తాను" అన్నాడు చివరికి. "ఇవాళే. ముందు నా సంగతి, ఆ తర్వాత నీ సంగతి. తలుపు వేసుకుంటే వేసుకోనీ, గుమ్మంలో కూర్చుంటాను." మళ్లీ అన్నాడు. "కానీ ఆ నాలుక చప్పుడు చేసి నన్ను చంపేశావు కదమ్మా. మీ నాన్న సైగ నీకెవరు నేర్పారు?"

జెరోప్ తలెత్తింది.

"నేనా? నాకు చెయ్యడమే రాదు బాబాయ్. మీరే కదా… రెండురోజులూ నా ముందునుంచే వినిపించింది. మీరు నన్ను చూసేశారేమో, ముందుకు రమ్మంటున్నారేమో అనుకుని భయపడి రాలేదు."

ముందునుంచి…

అవును మరి. ఆ సైగ ఎప్పుడూ ముందున్నవాడే చేస్తాడు. వెనకవాడు చెయ్యడు. ఇన్నిరోజులూ కిప్తరుస్ వెనక అడుగుల ధ్యాసలో ఆ చిన్న సంగతి మరిచిపోయాడు.

అప్పుడు వాగువైపు, పొగమంచులో, ఇద్దరికీ ఎదురుగా…

టక్… టక్.

పిల్ల అతని చెయ్యి పట్టుకుంది. దాని వేళ్లు మంచులా ఉన్నాయి. కిప్తరుస్ ఆ చెయ్యి నెమ్మదిగా విడిపించుకున్నాడు. వింతేమిటంటే అతనికి భయం పోయింది. 

"నా వంతమ్మా" అన్నాడు. "నువ్వు వెనక రా."

మీరు కదలండి, వస్తున్నానంది పిల్ల. అతను కదిలాడు. చప్పుడు వచ్చినవైపే, పొగమంచులోకి. వాగు దాటాడు. ఎక్కుడు మొదలైంది. లోయలోంచి ఎదురుగాలి ముఖాన కొట్టింది. తల వంచి దాన్ని భుజాలమీద తీసుకున్నాడు. నాలుక చప్పుడు మళ్లీ వినపడలేదు. వెనక మాత్రం పిల్ల అందుకుంది… కుడికాలు, టప్. కుడికాలు, టప్. అయిదడుగుల దూరంలో, తన చాటున, ఊపిరి దాచుకుంటూ.

రెండు కిలోమీటర్లయ్యాయి. ఒక చుట్టు. ఆ పిల్ల ఇంత ఎక్కుడులోనూ అంగుళం వదలకుండా వస్తుంటే అతనికి పౌరుషం వచ్చింది, గర్వమూ వచ్చింది. రక్తం ఎక్కడికి పోతుందనుకున్నాడు. ఇంకో రెండు కిలోమీటర్లు. రెండోచుట్టు. మోకాలు మండుతోంది, ముక్కు కారుతోంది, కళ్లు కూడా. వేగం తగ్గించలేదు. పదేళ్లలో అంత జోరుగా ఆ కొండ ఎక్కలేదు. టప్… టప్… వెనక చప్పుడు అలాగే ఉంది.

కొండ కొసకి చేరేసరికి తూర్పు తెల్లబడింది. ఎగ్గొట్టిన రెండు చుట్లూ అయిపోయాయి. కిప్తరుస్ ఆగి, మోకాళ్లమీద చేతులాన్చి, నవ్వుతూ వెనక్కి తిరిగాడు. శభాష్ అమ్మా అనబోయాడు.

రోడ్డు ఖాళీగా ఉంది.

చాలాసేపటికి కింద ఎక్కుడులోంచి జెరోప్ కనిపించింది. పక్కటెముకలు పట్టుకుని, సగం పరుగు సగం నడకగా వస్తోంది. దగ్గరికొచ్చి రోడ్డుపక్కన చతికిలబడింది. మీరు వాగు దగ్గరే కనపడకుండా పోయారు, ఇంత జోరుందనుకోలేదు బాబాయ్ అంది.

అతను దాని పాదాలవైపు చూస్తున్నాడు. ఉత్త పాదాలు. చీలమండల దాకా ఎర్రబురద. బూట్లు లేసులతో ముడేసి మెడలో వేలాడుతున్నాయి.

"ఎప్పుడు విప్పావమ్మా?"

"మలుపు దగ్గరే. మీరు కదిలేముందే అడుగు పూర్తిగా ఊడిపోయింది."