ముప్పై ఏడు డిగ్రీలు

నడుము లోతు చేపల తొట్టిలో డాక్టర్ ఐవిన్ మునిగి చనిపోయాడని పోలీసులు రాసుకున్నారు. పందెం కాసి ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఈది, అవతలి ఒడ్డున కాఫీ తాగి వచ్చే మనిషి! అతని అన్న, ఏజెంట్ హల్వార్, ఆ రిపోర్టును నాలుగు ముక్కలు చేసి చీఫ్ గుద్రున్ బల్ల మీద పడేశాడు.

“చంపేశారు,” అంది గుద్రున్, బ్రౌన్ చీజ్ రొట్టె పక్కన పెట్టి. “సాల్మన్ల ఒంటి మీది పేలు ఏరి తినే చేపలకు బాక్టీరియా జబ్బు వస్తుంది కదా, మీ తమ్ముడి రీసెర్చ్ దాని మీదే. ఏ మందుకూ లొంగని రకం ఒకటి దొరికింది. ఆ సీసా విదేశీ ముఠా కొట్టేసింది. ఇవాళ రెండింటికి అతను పనిచేసిన హేచరీ నుంచి రెండు లక్షల చేపలతో బోటు వెళ్తోంది, నలభై ఫారాలకు. సీసా అందులో పడిందో, ఈ తీరంలో ఊళ్ళకు ఊళ్ళే అడుక్కు తినాలి.”

“చంపినవాడు నాకు కావాలి.”

“నాకూ కావాలి. ప్రాణాలతో.”

“చూద్దాం,” అన్నాడు హల్వార్. పళ్ళు నూరుతున్న చప్పుడు ఆమెకూ వినిపించింది.

పన్నెండింటికి రబ్బరు ప్యాంటు, గమ్‌బూట్లతో కూలీ వేషంలో హేచరీ చేరాడు. రెండు నెలల కిందట అక్కడ చేరిన తమ ఏజెంట్ తిరిల్ ల్యాబ్‌లో ఎదురైంది. చేపల వైద్యం చదివిన డాక్టరునని చెప్పుకునే ఈ పని సంపాదించింది. తెల్లకోటులోనూ సినిమా తారలా ఉంది.

“కాఫీ చల్లారిందా?” అన్నాడు హల్వార్.

“మంచు కంటే వేడిగానే ఉంది.” కోడ్ సరిపోయింది. ఆమె కళ్ళు తుడుచుకుంది. “మీ తమ్ముడు బంగారం. ఆయన పెట్టిన పరీక్ష నేను ఆపలేదు. చూడు, బాక్టీరియా ప్లేట్లు రోజూ నేనే చూస్తున్నా.”

క్రిములను వెచ్చగా ఉంచి పెంచే పెట్టె తలుపు తీసింది. డయల్ మీద ముప్పై ఏడు.

హల్వార్ ఆ అంకె మళ్ళీ చూశాడు. భోజనాల బల్ల దగ్గర ఐవిన్ చెవిలో జోరీగలా పోరిన పాఠమే అది: చన్నీళ్ళ చేపల క్రిమిని పదిహేను డిగ్రీల్లో పెంచాలి, ముప్పై ఏడు మనిషి ఒంటి వేడి. ఈమె చెయ్యి మనుషుల రోగాలు పెంచే చోట తిరిగిన చెయ్యి. చేపల డాక్టరు కాదు, ముఠా మనిషి. ఐవిన్ కూడా ఈ డయల్ చూసే ఉంటాడు, అందుకే చచ్చాడు. అక్కడికక్కడే గొంతు నులమాలనిపించింది. కానీ దొంగసీసా ఎక్కడుందో తెలియాలి. “పాపం, ఎంత శ్రద్ధో!” అన్నాడు.

రెండింటికి రెండు నిమిషాలు. టీకాల షెడ్డు చివర, బోటులోకి చేపలు జారే గొట్టం దగ్గర తిరిల్ సెంటు సీసా మూత తీస్తోంది. దొంగసీసా అదే!

“ఆగు!” వెనకే పొంచి వచ్చిన హల్వార్ అరిచాడు.

రెండో చేతిలోని లిప్‌స్టిక్ పేలింది. తూటా చెవి పక్కనుంచి దూసుకుపోయింది. హల్వార్ పక్కబల్ల మీద చేపలకు టీకా పొడిచే గన్ లాక్కుని ఆమె తొడలో దించాడు. సీసా జారింది. నీళ్ళకు జానెడు పైన, బోర్లాపడి పట్టుకుని మూత బిగించాడు. బోటు కూత వేసి కదిలింది.

“చచ్చాన్రా! డాక్టర్ని పిలువు!” తిరిల్ నేల మీద మెలికలు తిరిగింది.

“ముందు పేరు. ఎవరు పంపారు?”

మూడు పేర్లు చెప్పింది, అడ్రసులతో సహా. హల్వార్ అప్పుడు గానీ అంబులెన్సుకు ఫోన్ చేయలేదు.

“ఇంత మంటా! చేపలకు... ఇదే పొడుస్తారా?”

“ఇదే. కాకపోతే వాటికి ముందు మత్తిస్తారు,” అన్నాడు. “అవి మా తమ్ముణ్ణి చంపలేదుగా.”