బిగిసిన దవడ

ఇంతవరకు ఎవరి దగ్గరా నోరు తెరిచి అనని మాట ఒకటుంది. మొన్న సోమవారం పాతిపెట్టిన ఎల్లాజీ చనిపోలేదు. అది నాకు అప్పుడే తెలుసు.

నేను పెద్ద చదువులు చదవలేదు. డాక్టర్ వసుంధర గారి ల్యాబ్‌లో గాజు తొట్లు కడగడానికి చేరి, ఆవిడ పక్కన పడేసిన పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. సముద్రం పాటుకి వెనక్కి వెళితే బురదలో ఆల్చిప్పలాంటి గుల్ల మూత బిగించుకుంటుంది. లోపల ఆక్సిజన్ అయిపోతుంది. మనమైతే నిమిషాల్లో పోతాం. గుల్ల పోదు. దాని మైటోకాండ్రియా గాలి లేకుండానే కొద్దికొద్దిగా శక్తి పుట్టిస్తూ, సక్సినేట్ అనే పదార్థాన్ని పోగేస్తుంది. అలా రోజుల తరబడి బతుకుతుంది. ఆ విద్యను మనిషి కణాలకు నేర్పే సూదిమందు మా డాక్టర్ గారు కనిపెట్టారు. మునిగి గుల్లలు ఏరేవాళ్లకు ఊపిరి చాలక ప్రాణం పోకూడదని.

ఆదివారం పొద్దున ఆ సూదితో మొదటిసారి మునిగిన ఎల్లాజీ నలభై నిమిషాల తర్వాత పైకొచ్చి పళ్లికిలించాడు.

"మా ఆవిడ తిట్లు వినపడని చోటు ఇన్నాళ్లకి దొరికిందండి. ఇంకో సూది పొడవండి అమ్మాయిగారూ, సాయంత్రం దాకా ఉండిపోతాను."

పొడిచాను, డాక్టర్ గారికి చెప్పకుండా. ఎంతదాకా పనిచేస్తుందో చూడాలని నాకూ దురద.

ఆ సాయంత్రం అడుగున వలలో చిక్కుకుని దొరికాడు. ఒళ్లు చల్లగా ఉంది, నాడి లేదు. "మందు గంటసేపే పనిచేస్తుంది. మునిగి ఒక పూటయింది" అన్నారు వసుంధర గారు. ఆవిడ లెక్కలో ఉన్నది ఒక్క సూదే. నా తప్పు బయటపడుతుందని రెండోదాని సంగతి దాచాను.

పాతిపెట్టే ముందు భార్య నూకరత్నం గ్లాసుతో నీళ్లు పట్టింది. దవడ విడలేదు.

"నోరు తెరవయ్యా మొండోడా! ఆఖరికి నా చేతి నీళ్లు కూడా వద్దా?"

కాళ్లూ చేతులూ మెత్తగానే వంగుతున్నాయి. దవడ ఒక్కటే బిగిసింది. చుట్టూ ఉన్నదంతా గుల్లలు ఏరేవాళ్లే. నోరు తెరుచుకున్న గుల్ల చచ్చింది, బిగించుకున్నది బతికుందని వాళ్ల పిల్లలకు కూడా తెలుసు. మనిషి విషయంలో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. మొదటి పార మట్టి పడ్డప్పుడు, మొహానికి బిగించి కప్పిన గుడ్డ కింద ఆ దవడ ఇంకాస్త బిగుసుకోవడం చూశాను.

ఆ రాత్రే అదే మోతాదు రెండు ఎలుకలకిచ్చి, గాలి చొరని సీసాల్లో విడివిడిగా మూసిపెట్టాను. ఇవాళ ఒక సీసా తెరిస్తే లోపలి ఎలుక మీసాలు కదిపింది. గాలి ఒక్కసారిగా తగిలేసరికి పోగుపడిన సక్సినేట్ లోపల్నుంచి కాల్చేసింది. నిమిషంలో పోయింది. రెండోదానికి సన్నటి గొట్టంతో కొంచెం కొంచెంగా గాలి వదిలాను. అది గింజలు తింటోంది.

ఇవాళ మూడోరోజు, చిన్నదినం. గోతి మీద పాలు పోయడానికి నూకరత్నం బయల్దేరుతూ ఉంటుంది. తవ్వమనాలి, గాలి ఒక్కసారిగా తగలకుండా, నేను గొట్టం పట్టుకుని వచ్చేదాకా మొహం మీది మట్టీ గుడ్డా మాత్రం తీయొద్దనాలి. రెండో సూది ఎవరు పొడిచారో కూడా చెప్పాలి. ముందు అదే చెప్పాలి.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.