మాస్టారు దిద్దిన ఆకాశం

ఆ ఉదయం టీ కప్పుతో హాల్లోకి వచ్చిన కోడలు, గోడవైపు చూసి అలాగే నిలబడిపోయింది.

నిన్న సాయంత్రమే తగిలించిన పటం అది. ఎప్పటిదో పాతకాలపు ఖగోళ చిత్రానికి నకలు. నడుమ భూమి, చుట్టూ ఉల్లిపొరల్లా వలయాలు, వాటి మీద చంద్రుడు, సూర్యుడు, గ్రహాలు. ఇప్పుడు భూమి మీద ఎర్రసిరాతో ఇంటూ గుర్తు! పక్కనే "ఇక్కడ సూర్యుడు ఉండాలి" అని గుండ్రటి అక్షరాలు.

ఎవరి పనో అడగక్కర్లేదు. మామగారు సైన్సు మాస్టారుగా రిటైరయ్యారు గానీ చేతిలో ఎర్రపెన్ను వదల్లేదు. శుభలేఖలు దిద్దేవారు, మందుల చీటీలు దిద్దేవారు. ఆయన దగ్గితే గోడమీది బల్లి కూడా తోక తిన్నగా పెట్టుకుంటుందని వీధిలో చెప్పుకునేవారు.

"మామయ్యగారూ, అద్దం విప్పి మరీ దిద్దారా?"

"తప్పుందమ్మా. నా ఇంట్లో తప్పు వేలాడితే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?"

"తప్పని నాకూ తెలుసండీ."

"తెలిసి తెలిసి తగిలించావా!"

కోడలు పటం దగ్గరికి నడిచింది. "ఆ కాలంవాళ్ళు ఒట్టి కళ్ళతో ఆకాశం చూసి గీసుకున్నారు. ఎంత ప్రేమగా గీశారో చూడండి. అందుకే తెచ్చుకున్నా. నేను కట్టిన కర్టెన్లు మార్చేశారు, సర్దిన పుస్తకాలు మళ్ళీ సర్దేశారు. ఈ ఒక్క గోడైనా నాదనుకున్నాను."

మాస్టారు ఎర్రపెన్ను జేబులో పెట్టుకున్నారు.

వంటింట్లోంచి అత్తగారు అందుకున్నారు. "ఊరుకోవే తల్లీ. పెళ్ళయిన మర్నాడే నా సంతకం దిద్దిన మహానుభావుడు! అప్పట్నుంచీ నా పేరు ఆయన చేతిరాతలోనే రాస్తున్నా."

ఆవిడ వేళాకోళానికే అన్నారు. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ సంతకం అసలు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయారు. ఎంతకీ గుర్తు రాలేదు. చెప్పులేసుకుని బయటికి నడిచారు.

మధ్యాహ్నానికి చంకలో ఓ పటంతో తిరిగొచ్చారు.

"అలాంటిది అయిపోయిందట. ఇది దొరికింది."

ఇందులో భూమి నడుమ ఉండటమే కాదు, సూర్యుడికి మీసాలు కూడా ఉన్నాయి! కోడలు ఫక్కున నవ్వేసింది. మాస్టారు పాత పటాన్ని మేకుతో సహా తీసి, సుత్తి అందుకున్నారు.

"మేకు ఎక్కడ కొట్టమంటావమ్మా?"

ఆమె చూపించింది. గోడకు సరిగ్గా నడుమ కాదు, ఓ జానెడు ఎడమకి. సుత్తి గాల్లోనే ఆగింది. అత్తాకోడళ్ళు ఊపిరి బిగబట్టారు. మాస్టారు ఒకసారి గుటక మింగి, అక్కడే కొట్టారు.

"బాగుందా, మామయ్యగారూ?"

"నన్నడగకు తల్లీ. గోడ నీది." ఆయన ఇంకాస్త దగ్గరికెళ్ళి చూశారు. "ఈ సూర్యుడు మాత్రం అచ్చం మా హెడ్మాస్టరే!"

కోడలు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.