మరిడమ్మ గానుగ పాక

కశింకోట దాటాక చెరకు తోటల్లోకి దిగే బండిదారిలో పాడుబడ్డ గానుగ పాక ఒకటి ఉండేది. దానికి మంచి పేరు లేదు. మరిడమ్మ అనే కూలిమనిషి పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తూ, మరుగుతున్న బెల్లం పెనంలో పడి చచ్చిపోయిందట... అప్పట్నుంచి చీకటి పడితే చాలు, ‘నా పెనం... నా పెనం...’ అని ఏడుస్తుందట.

బతికున్నన్నాళ్లూ పరాయి పొయ్యి మండించిన మనిషికి చచ్చాక పెనం సొంతమైపోయింది, చూశారా! మీసాలు మెలేసే మగాళ్లంతా ఆ ఏడుపుకి జడిసి చుట్టుదారిన పోయేవాళ్లు. నేను చూడలేదు. విన్నది చెబుతున్నాను.

2004 సంగతి. ఆ బండిదారి చివరి ఊరి పిల్ల నీలవేణికి విశాఖపట్నం యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కౌన్సెలింగ్‌కి పిలుపొచ్చింది. వాళ్ల మేనత్త మొగుడు త్రినాధరావుకి కడుపు మండిపోయింది. ఇంటర్ తప్పి అరుగు మీద పేకాడే తన కొడుకు బాబ్జికి ఆ పిల్లని చేసుకోవాలని ఆయనగారి ఆశ. వాల్తేరు యూనివర్సిటీకి వెళ్లి చదివిన పిల్ల బాబ్జి మొహం చూస్తుందా?

కౌన్సెలింగ్ రోజు తెల్లారకుండానే వాళ్లింటికి వచ్చి, గుమ్మం ముందు చెప్పులు విడిచి, నులకమంచం మీద బైఠాయించాడు. టైరు చెప్పులు. ఎడమదాని పట్టీ తెగితే నీలం నైలాన్ తాడుతో కుట్టుకున్నాడు. అంత పిసినారి.

“సెలవులకొచ్చిన పెతీసారీ ఆ పాక ముందునుంచే రావాల గదేటి, అప్పలరాజూ. మరిడమ్మ పట్టిందంటే పిల్ల సేతికందదు. ఈయేళ ఒక్కర్తినీ ఎల్లి, సీకటడ్డాక ఆ దారినే రమ్మను. జడవకుండా వత్తే సదివించు. జడిసిందా... మా బాబ్జికిచ్చీ.”

అప్పలరాజు నీలవేణి తండ్రి. బావ మాటంటే ఆయనకి వేదం. కూతురి కళ్లలోకి చూడకుండానే అన్నాడు.

“ఇన్నావు గదమ్మా. జడిసి అరిసేవంటే ఇంక సదువు మాటెత్తకు.”

నీలవేణి బస్సెక్కేసింది.

కొండ మీద పాత రాతి కట్టడాలు, చెట్ల సందుల్లోంచి సముద్రం, పుస్తకాలు గుండెలకి హత్తుకుని పకపకా నవ్వుతూ తిరిగే ఆడపిల్లలు... మధ్యాహ్నానికి సీటు ఖాయమైంది. ఖాళీ తరగతిగదిలో ముందు బెంచీ మీద కాసేపు కూర్చుందట. లేవబుద్ధి కాలేదట. ఆ బెంచీ పోతే తనకి మిగిలేది బాబ్జి.

తిరుగు బస్సు దొరికి, కశింకోటలో షేర్ ఆటో దిగేసరికి చీకటి పడిపోయింది. కరెంటు లేదు. ఆకాశం నిండా మబ్బు. చేతిలో చిన్న టార్చి, చుట్టూ చెరకు ఆకుల గరగర...

పాక దగ్గర పడింది.

“నా పెనం... నా పెనమే...”

నీలవేణి ఆగిపోయింది. లోపల, పాత పొయ్యి పక్కన — తెల్లగా... తల నుంచి కాళ్ల దాకా గుడ్డ కప్పుకుని ఊగుతోంది!

భయం వేసింది. ఎందుకు వెయ్యదు? కేక గొంతు దాకా వచ్చింది. చున్నీ కొంగు నోట్లో కుక్కుకుంది. దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని నాయనమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి, టార్చి కిందికి దించింది.

పాదాలు కనపడలేదు. పాక బయట, పక్కపక్కనే పొందిగ్గా విడిచిన చెప్పులు కనపడ్డాయి. ఎడమదానికి — నీలం తాడు.

మా వైపు బెల్లం వండే చోటు లక్ష్మి. పాడుబడినా సరే, చెప్పులతో లోపల అడుగు పెట్టరు. కళ్లు పోతాయంటారు. దెయ్యం వేషం కట్టినా త్రినాధరావుకి ఆ భక్తి పోలేదు. ఆడపిల్ల బతుకు తొక్కెయ్యడానికి అడ్డురాని పాపం, గానుగ నేల తొక్కడానికి అడ్డొచ్చింది! థూ.

నీలవేణి వంగి చెప్పులు తీసుకుంది. చప్పుడు చెయ్యకుండా నడిచిపోయింది. ముసుగులో ఉన్న మరిడమ్మగారు ఇంకా ఏడుస్తూనే ఉన్నారు.

ఇంటి దగ్గర తండ్రి లాంతరు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

“జడిసేవేటమ్మా?”

“అరవనేదు నాన్నా. సీటొచ్చింది.”

చెప్పులు గుమ్మం ముందు, పొద్దున్న ఉన్నచోటే పెట్టి అన్నానికి కూర్చుంది.

కాసేపటికి త్రినాధరావు దిగాడు. కుంటుతున్నాడు. వాకిట్లోంచే మొదలెట్టాడు.

“ఏటి అప్పలరాజూ, పిల్ల జడిసిపోయొచ్చిందేటి? మరిడమ్మ ఏడుపు ఊరంతా ఇనిపించింది గదేటి!”

అప్పలరాజు లాంతరెత్తి బావ కాళ్లకేసి చూశాడు. మోకాళ్ల దాకా బురద, చెరకు మోళ్లు గీరిన నెత్తురు. తర్వాత గుమ్మంకేసి చూశాడు. నీలం తాడు దగ్గర ఆయన చూపు ఆగిపోయింది.

పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి బావకి ఎదురు చెప్పింది అప్పుడేనట.

“లోపలికి రా బావా. నీ సెప్పులు నీకన్నా ముందే వచ్చీసేయి.”