జయంతి ఆటకు జయంతి గొంతే

“ఇదేంది? దీన్ని యాడ పెట్టాల?”

ఫణిధర్ తెచ్చిన డబ్బాను జయంతి అటూ ఇటూ తిప్పి చూసింది.

“క్యాప్చర్ కార్డండీ. గేమ్ వీడియోలు తీసే పెద్దోళ్ళంతా ఇదే వాడతారు.”

“వాళ్ళు ఒక కంప్యూటర్లో ఆడి ఇంకోదాంట్లో రికార్డ్ చేస్తారు. నాకుండేది ఒకటే. సుమ్మా, ఊరికే ఎందుకు తెచ్చినావు? తిరిగి ఇచ్చేసి రా!”

యానాం నుంచి ఉద్యోగానికొచ్చి, చుట్టూ తమిళమే వినిపించే మూలకుళంలో జయంతి వాళ్ళ మేడ మీద అద్దెకు దిగిన కుర్రాడు ఫణిధర్. ఆమెను మెప్పించాలనుకున్నాడు. చీవాట్లు తిన్నాడు. తినాల్సిందే. ఖరీదైనదే గొప్పదని నమ్మేవాళ్ళకు ఇలాగే జరగాలి.

చెన్నైలో ఒక గేమింగ్ జట్టుకు, కార్ రేసు ఆడుతూ తెలుగులో కబుర్లు చెప్పే మనిషి కావాలి. ఆదివారంలోగా వీడియో పంపాలి. తట్టాంచావడి ఫ్యాక్టరీలో బిల్లులు కొట్టే బతుకు నుంచి జయంతి బయటపడాలంటే ఇదే దారి. కానీ రికార్డింగ్ మొదలుపెడితే చాలు, ఆటలో కారు ఆగి ఆగి నడుస్తోంది.

ఫణిధర్ ఈసారి బుద్ధిగా కూర్చున్నాడు. ఉచితంగా దొరికే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ తెరిచి, రికార్డింగ్ భారాన్ని ప్రాసెసర్ మీద నుంచి గ్రాఫిక్స్ కార్డు మీదికి మార్చాడు. కారు దూసుకుపోయింది.

జయంతి కళ్ళు తిప్పి అతన్ని చూసింది.

“మైకు?”

“హెడ్‌సెట్‌ది చాలండీ. ఇదిగో, మాటలు నేను రాసుకొచ్చాను. మంచి తెలుగులో.”

ఆమె కాగితం పక్కన పెట్టేసింది. “నాకు తెలుగు చదవను రాదు. బళ్ళో తమిళమే.”

“పర్లేదండీ. నేను చెప్తాను, మీరు అనండి.”

అంది. రెండో మలుపులోనే కారు గోడను గుద్దింది.

“‘వాహనం మలుపును సమీపిస్తోంది’ అనేలోపల మలుపే అయిపోయింది కదయ్యా! నా మాటంటే నీకు సిగ్గా?”

అడగాల్సిన మాటే. చుట్టూ తమిళం ఉన్నా వందల ఏళ్ళుగా జయంతి వాళ్ళలాంటి ఇళ్ళు బతికించుకున్న తెలుగు అది. ఎవడి సర్టిఫికెట్టూ దానికి అక్కర్లేదు.

ఫణిధర్ కాగితం చింపేశాడు. “తప్పయిందండీ. మీకెలా వస్తే అలా మాట్లాడండి.”

“తళ్ళు, తళ్ళు, జరుగు, దోవ వుడు! బ్రేకు యాడేసినాడో చూడండి, పిచ్చోడు! రేయ్, నేను జయంతిని రా!”

ఏం గొంతు! ఏం ఆట! చివరి కారునూ దాటేదాకా ఫణిధర్ కుర్చీ అంచునే కూర్చున్నాడు. ఆ సాయంత్రమే వీడియో పంపారు.

బుధవారం వానలో తడుస్తూ జయంతి మేడ మెట్లెక్కింది.

“పని ఇచ్చినారు! ఇదే గొంతు కావాలంట!”

“నాక్కూడా,” అనేశాడు ఫణిధర్. “గొంతు, మనిషి, రెండూనండీ.”

ఆమె నవ్వలేదు. “మీ అమ్మతో నేను ఇట్లానే మాట్లాడతా. సరేనా?”

అతను వెంటనే యానాంకు ఫోన్ కలిపాడు. “అమ్మా, జయంతి మాట్లాడుతుంది. మధ్యలో నేను రాను.”

ఫోన్ ఆమె చేతికిచ్చి, తను వానలోకి నడిచాడు.