ఎనభై కిలోమీటర్ల కోపం

నెల తిరక్కుండా మూడో పంక్చర్. మూడూ ఉప్పుగూడ రైల్వే స్టేషన్ దాటాక, ఇస్సాకు టైర్ల దుకాణానికి నూరడుగుల లోపే. సోనీ చిన్నప్పటినుంచీ లెక్కల్లో అంతంతమాత్రమే గానీ, ఈ లెక్క మాత్రం ఆమెకు ఇట్టే తేలిపోయింది.

"ప్రకాశం మోటార్ డ్రైవింగ్ స్కూల్" అని పసుపు అక్షరాలు రాసిన పాత మారుతిని దుకాణం ముందు ఆపించి, దిగి, తలుపు ధడేలున వేసింది. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న నీలమ్మ ఉలిక్కిపడి హారన్ కొట్టింది. మాదన్నపేట మార్కెట్‌లో కూరగాయలమ్మే నీలమ్మకు యాభై దాటాయి. సొంతంగా ట్రాలీ ఆటో నడపాలని ముచ్చటపడి సోనీ దగ్గర డ్రైవింగ్‌కు చేరింది. ఇప్పటిదాకా ఆమెకు బాగా వచ్చింది హారన్ ఒక్కటే.

నీళ్లతొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్న ఇస్సాకు తలెత్తాడు. ఎదురుగా రెండు కళ్లు నిప్పులు కక్కుతున్నాయి. అంత కోపంలోనూ ఆ కళ్లు బాగున్నాయని అతనికి అనిపించింది. ట్యూబు చేతిలోంచి జారిపోయింది.

"నీకొక మాట అడగాలె. ఇంత పెద్ద సడక్ ఉండంగ, పంక్చర్ నీ దుకాణం ముంగట్నే ఎందుకైతది?"

"దూరమైతే మీరు తోసుకుంట రావాలె కదా మేడం. దేవుడు మంచోడు."

"దేవుని సంగతి తర్వాత. ఇదేంది?"

ఆమె వేలు బల్ల మీది డబ్బా వైపు చూపింది. అది పాలపొడి డబ్బా. అందులో అంచుదాకా తుప్పు పట్టిన మేకులు.

"సీలలు," అన్నాడు ఇస్సాకు.

"అది నాకు కూడ కనవడుతది. పంక్చర్ దుకాణంల సీలలతోని ఏం పని?"

ఇస్సాకు నోరు తెరిచాడు. జవాబు ఉంది. కానీ ఆ జవాబు చెప్పాలంటే ఇంకో సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. అది పక్కన ఛాయ్ హోటల్ మొత్తం చెవులు రిక్కించి వింటున్నప్పుడు చెప్పేది కాదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అది... వేరే పని," అన్నాడు.

దొంగ దొరికిపోయాడని సోనీకి ఖాయమైంది. వెంటనే వీధి వైపు తిరిగింది.

"అందరు ఇనుండ్రి. సడక్ మీద సీలలు చల్లేది ఈయనే, ప్యాచ్‌లు ఏసేది ఈయనే. ఇంక ఈ దుకాణం మెట్టు ఎక్కితే నేను ప్రకాశం బిడ్డనే కాదు."

అని మారుతిని తనే తోసుకుంటూ పోయింది. నీలమ్మ దిగడం మర్చిపోయి లోపలే కూర్చుని స్టీరింగ్ తిప్పింది.

*

సరిగ్గా ఆ నెలలోనే ప్రకాశానికి ఫారిన్ కారు మీద మనసు పడింది. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి, ఒక్క యాక్సిడెంట్ లేకుండా రిటైరై, బిడ్డతో కలిసి స్కూలు పెట్టిన మనిషి ఆయన. బంజారాహిల్స్‌లో ఒక బిల్డర్ తన జర్మనీ కారు అమ్మేస్తున్నాడని తెలిసి తెచ్చేశాడు. "ఫారిన్ కార్ ట్రైనింగ్ కలదు" అని బోర్డు మీద కొత్త లైను చేరింది. అది రెండువేల ఎనిమిది. ఉప్పుగూడలో అలాంటి కారు పెళ్లి ఊరేగింపులో తప్ప ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చి డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు. బిల్డర్ మోసం చేశాడని ప్రకాశానికి చెమటలు పట్టాయి. నేరుగా ఇస్సాకు దగ్గరికి నడిపించాడు. ఒట్టు పెట్టింది సోనీ గానీ ఆయన కాదు కదా. సోనీ మాత్రం దిగకుండా కార్లోనే కూర్చుంది. అద్దం నాలుగు వేళ్ల మందం దించి ఉంచింది, గాలి కోసం.

ఇస్సాకు టైరు పక్కన గొంతుక్కూర్చుని అక్షరాలు చదివాడు.

"మోసం కాదు సార్. ఇవి రన్‌ఫ్లాట్ టైర్లు. వీటి పక్క గోడలు మందంగ ఉంటయి. గాలి మొత్తం పోయినా బండి బరువు ఆ గోడలే మోస్తయి. స్పీడ్ ఎనభై దాటకుంట ఎనభై కిలోమీటర్లు పోవచ్చు. అందుకే స్టెప్నీ ఇయ్యరు."

అద్దం ఇంకో రెండు వేళ్లు దిగింది. "బాపు, అంటే పంక్చరైనా ఎవల దుకాణం ముంగట ఆగే పని లేదు. అంతే కదా?"

"మేడంకు చెప్పుండ్రి సార్, ఆగకుంటే టైర్ ఖరాబైతది. గాలి లేకుంట నడిచిన టైర్‌కు ప్యాచ్ ఎయ్యరాదు. పారెయ్యాలె. కొత్తది బొంబాయి నుంచి రావాలె."

"ప్యాచ్ ఎయ్యరాదంటే ఆయనకు బాధగనే ఉంటదని చెప్పు బాపు."

ప్రకాశం ఇటొకసారి అటొకసారి మెడ తిప్పీ తిప్పీ అలసిపోయాడు. "మీ లొల్లి పక్కన పెట్టుండ్రి. రోజు తిరిగే బండికి ఇవి మంచియా, కావా? అది చెప్పు."

ఇస్సాకు కాసేపు ఆలోచించాడు. "ఆడపిల్ల ఒక్కతే పోతుంటే మంచియి సార్. నడిరోడ్డు మీద జాకీ పట్టుకొని కూసునే బాధ తప్పుతది. డిక్కీల జాగ మిగులుతది. కానీ మన గుంతల రోడ్డుకు మస్తు గట్టిగుంటయి. రోట్ల కూసున్నట్టుంటది. చేతులతోని ఊడదియ్యరాదు, మిషన్ కావాలె. ఇంకోటి, గాలి పోయినా మనకు తెల్వదు. డాష్‌బోర్డ్ మీద పసుప్పచ్చ లైటు ఎలుగుతది, అది చూసుకోవాలె."

అతను నిజమే చెబుతున్నట్టు సోనీకి లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా ఒళ్లు మండింది. అద్దం పూర్తిగా ఎక్కించేసింది.

*

రోలు సంగతి మాత్రం వారంలోనే తేలిపోయింది. ఉప్పుగూడ నుంచి మాదన్నపేట దాకా పోను రాను ఎనిమిది కిలోమీటర్లు. తిరిగి వచ్చేసరికి నేర్చుకునేవాళ్లు నడుం పట్టుకుని దిగేవాళ్లు.

"బిడ్డా, ఇది కారా, దంచుడు మిషనా?" అంది నీలమ్మ. "నోట్ల ఆకొక్క ఏసుకుంటే నేను నమిలే పని లేకుంటనే నలిగిపాయె."

"ఫారిన్ అక్కా, గట్లనే ఉంటది."

గురువారం పొద్దున్న పసుపుపచ్చ లైటు వెలిగింది. మాదన్నపేట మార్కెట్ వెనక పంక్చర్ దుకాణానికి పోతే అక్కడి పెద్దాయన టైరును చూసి దణ్ణం పెట్టాడు. "యే అప్నే బస్ కా నహీ బేటీ, నాతోని కాదు. మిషన్ కావాలె. ఇస్సాకు భాయ్ దగ్గరికి పో." ఇంకో దుకాణానికి పోయింది. అక్కడా అదే పేరు చెప్పారు. ఈ ఊళ్లో అందరూ కలిసి తన మీద కుట్ర పన్నారని సోనీకి అనిపించింది.

ఎనభై కిలోమీటర్లు ఉన్నాయి కదా, చూద్దాం అనుకుంది. నీలమ్మ నుదుటి మీది బొట్టుబిళ్ల అడిగి తీసుకుని ఆ లైటు మీద అంటించింది.

"చర్చికి పోయేదానివి, నీకు బొట్టెందుకు బిడ్డా?"

"నాకు కాదక్కా, బండికి."

కానీ ఇస్సాకు కళ్లకు బొట్టుబిళ్ల అడ్డం రాలేదు. దుకాణం ముందు నుంచి కారు పోతుంటేనే టైరు అడుగు నేల మీద వెడల్పుగా పరుచుకోవడం చూశాడు. "ఆగుండ్రి మేడం" అని వెంట పరుగెత్తాడు. సోనీ ఆగలేదు. గేరు మార్చి, గడ్డం ఎత్తి, ఇరవై స్పీడులో మహారాణిలా సాగిపోయింది.

తిరిగి వచ్చేసరికి దుకాణం ముందు ఒక పలక వేలాడుతోంది. దాని మీద సుద్దతో "72" అని రాసి ఉంది.

సాయంత్రం బ్యాచ్ అయ్యాక "64". శుక్రవారం పొద్దున్నకు "56".

ఛాయ్ హోటల్‌కు వచ్చేవాళ్లకు అది క్రికెట్ మ్యాచ్ అయిపోయింది. "స్కోర్ ఎంత భాయ్?" అని అడిగి మరీ ఛాయ్ చెప్పేవాళ్లు. ఇస్సాకు మాత్రం నవ్వేవాడు కాదు. కారు కనబడినప్పుడల్లా లేచి నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూసి, కూర్చునేవాడు. "ఎనభై అని రాసింది మంచి రోడ్డు కోసం మేడం. ఇక్కడ అన్ని రావు. ఆగుండ్రి," అని రోజూ కేక వేసేవాడు. ఆదివారం స్కూలుకు సెలవు కాబట్టి పలకకూ సెలవే. ఆరోజు సోనీకి ఏమీ తోచలేదు. ఎందుకో అర్థం కాక అన్నం కూడా సరిగ్గా తినలేదు.

*

మంగళవారం పొద్దున్న ఆరున్నరకు పలక మీద "16" ఉంది. రాత్రి వానకు రోడ్డు తడిగా మెరుస్తోంది. నీలమ్మ స్టీరింగ్ పట్టుకుంది. స్టేషన్ దాటాక ముందు ఒక సైకిలు మెల్లగా పోతోంది. దాని వెనక తాడు, తాడు చివర గుండ్రటి నల్లటి బిళ్ల ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తోంది.

సైకిలు ఆగింది. ఇస్సాకు దిగాడు. ఆ బిళ్లను చేతిలోకి తీసుకుని, దానికి అంటుకున్న మేకులు ఒక్కొక్కటే పీకి పాలపొడి డబ్బాలో వేశాడు.

సోనీ పక్క బ్రేకు తొక్కింది. "ఏం చేస్తుండు?"

"సీలలు ఏరుతుండు. పాత మైకుల ఉండే అయస్కాంతం అది," అంది నీలమ్మ. "స్టేషన్ పక్కపొంటి చెక్కపెట్టెలు పలగ్గొట్టే అడ్డా లేదా? ఆ బండ్లకెల్లి రాలుతయి."

"ఎప్పట్నుంచి?"

"మొదటిసారి పంక్చరైన రోజు నువ్వు ఈడ నిలబడి ఏడ్చినవంట కదా. ఆ తెల్లారి నుంచే. నేను కూరగాయలకు పోంగ రోజు చూస్తనే ఉన్న."

"మరి నాకెందుకు చెప్పలే అక్కా?"

"నువ్వు అడిగితే కదా. క్లచ్ తొక్కుమంటవ్, బ్రేక్ తొక్కుమంటవ్. ఇది ఎన్నడన్న అడిగినవా?"

సోనీకి తల కొట్టేసినట్టయింది. తన కోసం పొద్దున్నే లేచి రోడ్డు ఊడ్చే మనిషిని పట్టుకుని, వీధి మొత్తం వినేలా దొంగ అంది. ఆ మనిషి ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. ఏడుపొచ్చింది.

కారు దుకాణం ముందు ఆపించి దిగింది. ఇస్సాకు అప్పుడే సైకిలు స్టాండు వేసి పైకెక్కాడు. ఛాయ్ హోటల్‌లో గ్లాసులు గాలిలో ఆగిపోయాయి.

"మెట్టు ఎక్కనని ఒట్టు పెట్టుకున్న. అందుకని కిందనే నిలబడి చెప్తున్న," అంది. "అందరు ఇనుండ్రి. ఈయన సీలలు చల్లలే, ఏరిండు. తప్పంత నాదే. మాఫ్ చెయ్యి."

ఇస్సాకు ఏం చెయ్యాలో తెలియక చేతులు రెండుసార్లు తుడుచుకున్నాడు.

"మీరు ఎక్కద్దు. మెట్టు నేనే దిగుత," అని దిగాడు.

*

టైరు ఊడదీస్తే లోపల గుప్పెడు నల్లటి రబ్బరు పొడి రాలింది. ఇస్సాకు దాన్ని చూసి, ఆమెను చూశాడు. ఆ కారును జాకీ మీద నిలబెట్టి బొంబాయికి ఫోన్ చేశాడు.

"వారం, పది రోజులు పడుతది," అన్నాడు.

మళ్లీ పాత మారుతి బయటికొచ్చింది. సోనీ ప్రతి పొద్దునా, ప్రతి సాయంత్రమూ దుకాణం దగ్గర ఆగి "టైర్ వచ్చిందా?" అని అడిగేది. "రాలే" అనేవాడు. ఆ ఒక్క మాటకు అరగంట పట్టేది. మధ్యలో ఛాయ్ వచ్చేది, నీలమ్మ డ్రైవింగ్ గురించి నవ్వులు వచ్చేవి, మేడం పోయి సోనీ వచ్చింది. మెట్టు సంగతి ఇద్దరూ మర్చిపోయారు. పది రోజులు దాటాయి. పధ్నాలుగు దాటాయి. ఒక్క టైర్ రాక కోసం ఇంత సంబరంగా ఎదురు చూస్తారా అని సోనీ తనను తానే అడిగింది. రాకపోతే బాగుండని ఎదురు చూస్తున్నానని తెలిసి సిగ్గుపడింది.

పదిహేనో రోజు సాయంత్రం వాన దంచి కొట్టింది. రేకుల కిందికి పరుగెత్తి నిలబడితే నెత్తిన చుక్క పడింది. ఎక్కడినుంచా అని పైకి చూసింది. అటక మీద గోనెసంచి పక్కకు జారి ఉంది. దాని కింద కొత్త టైరు. అతికించిన బొంబాయి చీటీ కూడా ఇంకా పీకలేదు. చీటీ మీద తారీఖు ఉంది.

"ఇస్సాకూ, టైర్ వచ్చిందా?"

"రాలే." అతను దుకాణం మూలన స్టవ్ మీద మరుగుతున్న ఛాయ్ వైపే చూస్తున్నాడు.

"మస్తు రోజులాయె కదా."

"బొంబాయిల వానలంట."

"మరి పైన ఉన్నదేంది?"

ఇస్సాకు చేతిలో గరిటె ఆగిపోయింది.

"వచ్చి తొమ్మిది రోజులాయె," అన్నాడు చివరికి. "ఇప్పుడు దొంగ అను. ఈసారి నిజమే. నా జిందగీల మొదటి మోసం ఇది."

"ఎందుకు చేసినవ్?"

"అది ఎక్కిస్తే నువ్వు పోతవ్. వాటికి పంక్చరైనా నువ్వు ఆగవు. ఎనభై కిలోమీటర్లు ఆగకుంట పోతవ్. చూసిన కదా." స్టవ్ వదిలి ఆమె వైపు తిరిగాడు. "నువ్వంటే నాకిష్టం సోనీ. నువ్వు సడక్ మీద నిలబడి ఏడ్చిన కాడ్నుంచి ఇష్టం. చెప్పే ధైర్యం లేక టైర్ దాచిపెట్టిన."

సోనీకి నవ్వొచ్చింది, కళ్లు తడిశాయి. వాన మీదికి నెట్టేసి తుడుచుకుంది.

"ఇంత తెలివి ఉంది, ఒక్క సంగతి తెల్వలే నీకు," అంది. "ఈడికెల్లి మాదన్నపేటకు ఇంకో తొవ్వ లేదా?"

"ఉంది. రెండున్నయి."

"మరి ఆ ఎనభై కిలోమీటర్లు నేను పొద్దు మాపు నీ దుకాణం ముంగట్నే ఎందుకు తిరిగిన?"

ఇస్సాకు ఆ లెక్క చేసుకోవడానికి కాస్త సమయం తీసుకున్నాడు. అర్థమయ్యాక గిన్నెలోని ఛాయ్ అంతా పొంగి స్టవ్ మీద పడింది. ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు.

అప్పుడే గొడుగు ముడుస్తూ ప్రకాశం మెట్టెక్కాడు.

"టైర్ వచ్చిందా బాబూ?"

ఇస్సాకు నిజం చెప్పడానికి లేచి నిలబడ్డాడు. "సార్, అది..."

"రాలే బాపు," అంది సోనీ.

ప్రకాశం బిడ్డ మొహం చూశాడు. కుర్రాడి చెవులు చూశాడు. తర్వాత, ముప్పై ఏళ్లు బస్సు అద్దంలో వెనక సీటు దాకా చూసిన మనిషి, తల కొంచెమే ఎత్తి అటక వైపు చూశాడు. మళ్లీ గొడుగు విప్పాడు.

"సరే తియ్. నాకేం జల్దీ లేదు. ఆదివారం చర్చి అయినంక మీ అమ్మను తీస్కొని ఇంటికి రా ఇస్సాకు. కూసొని మాట్లాడుకుందం."

రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"ఆ గోనెసంచి మంచిగ కప్పు. రాని టైర్ తడుస్తది."